తెర ఆకారము, బొమ్మ నేత



మా జువ్వలదిన్నె సముద్రపు టొడ్డున నున్న గ్రామము. ఇచ్చట వల కొనదలచినవాడు రెండు సంగతులు విచారించును. వల పొడవు వెడల్పు లెంత? వల కన్ను ఎంత? ఈ రెండును వేరు వేరు సంగతులని చిన్న బాలునకు సైతము తెలియును. నూరు బారల వలకు పెద్ద కన్నుండవచ్చును. పది బారల వలకు సన్న కన్నుండవచ్చును. వంజరము పట్టు వలతో కవళ్ళు పట్టబోయినచో, వల ఎంత పెద్దదైనను కవళ్ళు కన్నులలోనుండి జారిపోవును. ఇట్టి వివేకము కలవాడే టెలివిజను పెట్టె కొనుటకు కావలి పట్టణమునకు పోయినప్పుడు మాత్రము "ఇది ఎన్ని అంగుళములు?" అను ఒక్క ప్రశ్నతో తృప్తి చెందుచున్నాడు. అంగడివాడు "ఇది 4కె సుమండీ" యనగానే తలయూపి రూకలు లెక్కించి ఇచ్చుచున్నాడు.

మా గ్రామమున రామమందిరపు మండపమునకు పెద్ద టెలివిజను నొకదానిని కొనవలెనని చందాలు వసూలు చేయు దినములలో, పెద్దలు నన్ను పిలిపించి, "పంతులుగారూ, 720 అనియు, 1080 అనియు, 4కె అనియు, 8కె అనియు చెప్పుచున్నారు. వీనిలో మనకేది తగును?" అని అడిగిరి. నేను వ్యాకరణము చదివినవాడనే కాని యంత్రములు చదివినవాడను గాను. అయినను ఊరివారి సొమ్మునకు సంబంధించిన మాట గనుక, తెలిసినవారి నడిగి, పుస్తకములు చూచి కొంత గ్రహించితిని. ఆ గ్రహించినదానినే మీకును మనవి చేయుచున్నాను.

తెరమీది బొమ్మ యంతయు చుక్కలతో నేర్పడినది. ముంగిట ముగ్గు వేయు స్త్రీలు మొదట చుక్కలు పెట్టుదురు గదా; అట్లే టెలివిజను తెరయందు అడ్డవరుసలుగను నిలువువరుసలుగను చుక్కలు కూర్పబడి యుండును. ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వన్నెల వెలుగు లుండును. వాని హెచ్చుతగ్గుల చేతనే తక్కిన వర్ణము లన్నియు పుట్టుచున్నవి. ఈ చుక్కకు పిక్సెలని పేరు. 720 అనినచో పైనుండి క్రిందికి 720 వరుసలు, వరుసకు 1280 చుక్కలు, మొత్తము 9,21,600. 1080 అనినచో 1080 వరుసలు, వరుసకు 1920 చుక్కలు, మొత్తము 20,73,600. దీనినే ఫుల్ హెచ్.డి. యందురు. 4కె యనుదానిలో 2160 వరుసలు, వరుసకు 3840 చుక్కలు, మొత్తము 82,94,400. 8కె యనుదానిలో 4320 వరుసలు. మొత్తము 3,31,77,600 చుక్కలు.

ఈ పేర్లు పెట్టినవారు వ్యాకరణమున కొంచెము పరిశ్రమ చేసియున్న బాగుండెడిదని నా యభిప్రాయము. 720, 1080 అను పేర్లు నిలువున లెక్కించిన వరుసలనుబట్టి పుట్టినవి. 4కె యను పేరు అడ్డముగా లెక్కించిన చుక్కలనుబట్టి పుట్టినది. కె యనగా వేయి. లెక్కించు దిక్కే మారినది! అందుచేత వినువారికి 1080 ఎక్కడ, నాలుగు వేలెక్కడ అని తోచును. నిజమునకు వరుసలు రెట్టింపు మాత్రమే, చుక్కలు నాలుగు రెట్లు. పైగా ఇండ్లకు అమ్ము 4కెలో వరుసకు 3840 చుక్కలే కాని నాలుగు వేలు లేవు. సినిమాశాలలలోని 4కెకు మాత్రము 4096 కలవు.

కొన్ని పెట్టెలమీద అంకె ప్రక్కన ఐ అను అక్షరమో, పి అను అక్షరమో యుండును. పి యనినచో వరుసలన్నియు ఒకేసారి తెరమీదికి వచ్చునని యర్థము. ఐ యనినచో మొదట బేసి వరుసలు, పిదప సరి వరుసలు వచ్చును. కన్ను వానిని కలుపుకొనును. కదలని బొమ్మకు భేదము కనబడదు. వల విసరు చేయి వంటి వేగముగా కదలు వస్తువు మాత్రము అంచున దువ్వెనపండ్ల వలె చీలి కనబడును.

ఇంతవరకు కన్ను మాట చెప్పితిని. ఇక వల ఆకారము మాట.

పెట్టెమీద వ్రాయు అంగుళములు వెడల్పు గాదు, ఎత్తును గాదు. అది మూలనుండి మూలకు కొలిచిన కర్ణము. బోధాయన శుల్బసూత్రములలో యజ్ఞవేదికలకై చెప్పబడిన కర్ణసంబంధము మీలో కొందరు వినియుందురు. భుజములు 3, 4 అయినచో కర్ణము 5. పాత టెలివిజను పెట్టెల తెర సరిగా నా కొలతదే: వెడల్పు 4 పాళ్ళు, ఎత్తు 3 పాళ్ళు. తెర కర్ణము 20 అంగుళములైనచో వెడల్పు 16, ఎత్తు 12. నేటి పెట్టెల తెర వెడల్పు 16 పాళ్ళు, ఎత్తు 9 పాళ్ళు. ఆకారము మారినందున అంగుళముల అర్థమే మారినది. 29 అంగుళముల పాత తెర ఎత్తు 17.4 అంగుళములు. 32 అంగుళముల క్రొత్త తెర ఎత్తు 15.7 అంగుళములే. "పాతదానికన్న పెద్దది కొంటిమి, మనుష్యులు మాత్రము చిన్నవారైరి" అని మా వీధిలో నొక అవ్వ ఆశ్చర్యపడినది. ఆమె కన్ను పొరబడలేదు.

ఈ 4:3 ఆకార మెట్లు వచ్చినదో కొంచెము చెప్పెదను. అమెరికాలో ఎడిసను ప్రయోగశాలయందు పనిచేసిన డిక్సను అను నతడు 1890 ప్రాంతములలో 35 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్మునకు ఇరుప్రక్కల రంధ్రములు పొడిపించి, నాలుగు రంధ్రముల ఎత్తునకు ఒక బొమ్మ చొప్పున నమర్చెను. ఆ చోటున పట్టిన బొమ్మ వెడల్పు 4, ఎత్తు 3 అయినది. పిదప మాటలాడు చిత్రములు వచ్చి, శబ్దపు గీతకు ఫిల్ము అంచున చోటు కావలసి రాగా, 1932లో హాలీవుడ్డువారు ఎత్తు 1కి వెడల్పు 1.37 అని స్థిరపరచిరి. హెచ్.ఎం. రెడ్డిగారి భక్త ప్రహ్లాద, మన మొదటి తెలుగు టాకీ, వెలువడినదియు ఆ 1932లోనే. టెలివిజను పుట్టినప్పుడు సినిమా ఆకారమునే తానును గ్రహించినది.

ఇక్కడనే కలహము మొదలయ్యెను. అమెరికాలో జనులు ఇంట కూర్చుండి టెలివిజను చూచుచు సినిమాశాలలకు పోవుట తగ్గించిరి. అంతట సినిమావారు ఇంటి పెట్టెలో పట్టని బొమ్మను చూపవలెనని తెరను వెడల్పు చేసిరి. ఫ్రాన్సుదేశీయుడగు ఆన్రీ క్రెతియెన్ అంతకు చాలకాలము క్రిందటనే కనిపెట్టిన యొక కటకము వారికి ఉపయోగపడినది. అది చిత్రము తీయునప్పుడు బొమ్మను అడ్డముగా సగమునకు నొక్కి ఫిల్ముమీద పట్టును; చూపునప్పుడు మరియొక కటకము దానిని మరల రెట్టింపు సాగదీయును. దీనికి సినిమాస్కోపు అని పేరు. 1953లో వచ్చిన ది రోబ్ ఇట్టి మొదటి చిత్రము. ఎత్తు 1కి వెడల్పు రెండున్నర ప్రాంతమున మొదలై, కొలదికాలములో 2.35 వద్ద నిలిచినది. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రము 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. మన్యపు కొండలు ఆ వెడల్పు తెరమీద ఎట్లు పరచుకొన్నవో అప్పుడు చూచినవారికి జ్ఞాపకముండును. తెలుగున మొదటి 70 ఎం.ఎం. చిత్రము 1986లో వచ్చిన సింహాసనము. రెండును కృష్ణగారివే. 70 ఎం.ఎం. యనగా ఫిల్మే రెండింతల వెడల్పు గలది. అనగా వల ఆకారమొక్కటే గాక కన్నును సన్నమైనది. ఆ రెండింటిని జనులు నేటికిని ఒక్కటిగా చెప్పుకొనుచుందురు.

ఇంటి పెట్టెలు మాత్రము 4:3 గానే చాలకాలము నిలిచెను. 1975 ఆగష్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను చూపిన ప్రయోగములో మన ఆంధ్రప్రదేశమును కలదు. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము వచ్చెను. అప్పటి ప్రసారమునకు 625 గీతలు. వానిలో బొమ్మకు వినియోగపడునవి 576. తరువాత సినిమా ఆకారమునకును టెలివిజను ఆకారమునకును నడుమ సంధి కుదుర్చుటకు కెర్న్స్ పవర్స్ అను నమెరికా ఇంజనీరు 1980 తరువాత నొక యుపాయము చేసెను. వాడుకలో నున్న ఆకారముల నన్నిటిని సమాన వైశాల్యముతో కత్తిరించి ఒకదానిపై నొకటి పేర్చి చూచెను. అన్నిటిని తనలో నిముడ్చుకొను దీర్ఘచతురస్రమును, అన్నిటిలో నిముడు దీర్ఘచతురస్రమును, రెండును ఇంచుమించు 16:9 ఆకారమే యని తేలినది. నేడు ప్రపంచమంతట గోడకు వ్రేలాడు పెట్టెల ఆకారమిదియే. సంధి యనగా ఎవరికిని పూర్తి తృప్తి లేనిది గదా. సినిమాస్కోపు చిత్రము వేసినచో పైన క్రింద నల్లపట్టీలు వచ్చును. పాత చిత్రము వేసినచో కుడియెడమల నల్లపట్టీలు వచ్చును.

ఈ నల్లపట్టీలను చూచి మనవారు సహింపలేరు. "పెట్టెకు పూర్తిగా డబ్బిచ్చితిమి, తెర పూర్తిగా నిండవలదా?" అని మీట నొక్కి బొమ్మను సాగదీయుదురు. అప్పుడేమగునో మాయాబజారు చిత్రముతో చెప్పెదను. అది 1957 నాటిది, ఇంచుమించు 4:3 ఆకారమున తీసినది. దానిని 16:9 తెర నిండునట్లు సాగదీసినచో వెడల్పు మూడవవంతు పెరుగును, ఎత్తు పెరుగదు. పున్నమి చంద్రుడు గ్రుడ్డు ఆకారమున కనబడును. ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడు మునుపే భారీ విగ్రహము. సావిత్రిగారి శశిరేఖ సైతము ఆయన సరసకు చేరును. సాగదీయక తెర నిండించుటకు బొమ్మను పెంచినచో ఎత్తులో నాలుగవవంతు తెగిపోవును. పైన కిరీటమో, క్రింద భోజనపు పళ్ళెమో పోవును. నల్లపట్టీలతో చూచుటయే ఆ చిత్రమును తీసినవారు తీసినట్లు చూచుట. ఆ చిత్రమునందే ప్రియదర్శిని యను పెట్టె కలదు. తెరచి చూచువారికి ప్రియమైనది అందు కనబడును. దాని కెన్ని చుక్కలో పింగళివారు చెప్పలేదు. మన పెట్టెలకు మాత్రము చెప్పక తప్పదు.

ఇక ధరకు సంబంధించిన ముఖ్యప్రశ్న: ఎన్ని చుక్కలున్నచో చాలును? దీనికి ఉత్తరము పెట్టెలో లేదు, మన కంటిలోను, మనము కూర్చుండు దూరములోను ఉన్నది. ఒక డిగ్రీ కోణములో అరువదవ పాలు దాటినంతవరకే మంచి కన్ను రెండు చుక్కలను వేరుగా చూడగలదు. అనగా ఒక మిల్లీమీటరు ఎడముతో నున్న రెండు చుక్కలు సుమారు 11 అడుగుల దూరము వరకే రెండుగా తోచును, అటుపైన కలిసిపోవును. 43 అంగుళముల పెట్టె వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. దానిలో 1920 చుక్కలున్నచో ఒక్కొక్కటి అర మిల్లీమీటరు. కావున అయిదున్నర అడుగులకు అవతల కూర్చున్నవానికి చుక్కలు కనబడవు. అదే పెట్టె 4కె అయినచో చుక్క పావు మిల్లీమీటరు. దాని సన్నదనము తెలియుటకు మూడు అడుగులలోపలికి పోయి కూర్చుండవలెను. ఎనిమిది అడుగుల దూరమున గోడకు చేరగిలబడి చూచువానికి 1080కిని 4కెకును చుక్కలలో భేదమే లేదు. 720 అయినను అక్కడనుండి ఇంచుమించు సరిపోవును. ఇది మంచి చూపు గలవాని లెక్క. శుక్లములు ముదిరిన నా వంటివారి లెక్క వేరుగా చెప్పనక్కరలేదు.

మా మండపములో ముందు వరుసవారే పది అడుగుల దూరమున కూర్చుందురు. అచ్చటకు 55 అంగుళముల పెట్టె తీసికొన్నను, 1080 చుక్కల నేత ఏడడుగులు దాటిన పిమ్మట కంటికి చాలినదే. అంత పెద్ద పెట్టెలలో నేడు అధికభాగము 4కెగానే వచ్చుచున్నవి గనుక వచ్చినదానిని వలదనుట ఎందుకు? కాని 8కె కొరకు వేరుగా సొమ్ము పోయుట సముద్రములో నీరు పోయుటయే యని చెప్పితిని. పెద్దలు విని ఆ మాట మానిరి. పగటివేళ మండపములో వెలుతురు ఎక్కువ. అచ్చట చుక్కలకన్న తెర కాంతి ముఖ్యము, ప్రక్కనుండి చూచువారికి రంగు మారకుండుట ముఖ్యము. ఈ రెంటిని గూర్చి అంగడివా డొక్క అంకెయు అరచి చెప్పలేదు.

ఇంట పనికిరాని సన్నదనము సినిమాశాలలో పనికివచ్చును. సూళ్ళూరుపేట వద్ద 2019 ఆగష్టులో వి ఎపిక్ అను సినిమాశాల తెరవబడినది. సూళ్ళూరుపేట అప్పుడు మన నెల్లూరు జిల్లా. 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. శ్రీహరికోట రాకెట్ల ప్రక్కన వంద అడుగుల తెర! దేశములోని మిక్కిలి పెద్ద తెరలలో నొకటిగా పేరొందినది. వంద అడుగుల వెడల్పున 2కె బొమ్మ వేసినచో వరుసకు 2048 చుక్కలు. ఒక్కొక్క చుక్క సుమారు 15 మిల్లీమీటర్లు, రేగుపండంత. 4కె వేసినచో దానిలో సగము, శనగగింజంత. తొంబది అడుగుల దూరమున కూర్చున్న మంచి చూపువానికి రేగుపండు తెలియును, శనగగింజ తెలియదు. అచ్చట 4కె నిజముగా పనిచేయుచున్నది. 2003లో హైదరాబాదున తెరచినప్పుడు ప్రసాదుల వారి ఐమాక్సు తెర వెడల్పు 95 అడుగులు, ఎత్తు 72 అడుగులుగా నుండెను. ఆకారమున మరల మన పాత 4:3 కే దగ్గరగా నుండెను. సినిమావారు టెలివిజనునుండి పారిపోయి వెడల్పునకు పోయిరి, టెలివిజను వారిని వెంబడించి వెడల్పు కాగా, మరికొందరు ఎత్తునకు పోయిరి. ఫోను పట్టుకొన్న మన మనుమలు నిలువు బొమ్మలు తీయుచున్నారు. 9 వెడల్పు, 16 ఎత్తు. అట్టి బొమ్మను మండపపు పెట్టెలో వేసినచో తెరలో మూడవవంతు సైతము నిండదు. పెండ్లిపందిరిని తీయునప్పుడు ఫోనును అడ్డముగా పట్టుకొమ్మని పిల్లలకు చెప్పుడు.

ఇంతకును పెట్టెలో ఎన్ని చుక్కలున్నను, వచ్చు బొమ్మలో నెన్ని చుక్కలున్నవో అన్నియే మనకు లభించును. కేబులులోను, దూరదర్శను ఉచిత డిష్షులోను వచ్చు సాధారణ చానెళ్ళ బొమ్మకు 576 వరుసలే. వానిని 4కె పెట్టెలో వేసినచో ఒక్కొక్క చుక్కను యంత్రము పలుచుక్కలుగా పరచి చూపును, అంతియే. కుండెడు నీరు గంగాళములో పోసినను కుండెడే.

చుక్కలు వచ్చినను అవి కడుపునిండిన చుక్కలు కాకపోవచ్చును. 1080 బొమ్మను ఏమియు తగ్గించక సెకనుకు 25 బొమ్మల చొప్పున దాచినచో ఒక గంటకు సుమారు 560 గిగాబైట్లు కావలెను. 128 గిగాబైట్ల ఫోనులు నాలుగు నిండి మిగులును. అందుచేత యంత్రములు బొమ్మను కుదించును. గోడ వంటి కదలనిదానిని ఒకసారి చెప్పి, మరల "మునుపటి వలెనే" యని సంజ్ఞ చేయును. కదలుదానిని మాత్రమే క్రొత్తగా చెప్పును. ఈ పద్ధతికి బద్ధశత్రువు సముద్రము. అలలో ఏ భాగమును మునుపటి వలె నుండదు. మా తీరమున తీసిన వీడియోలలో మనుష్యులు స్పష్టముగా నుండి, వెనుకనున్న నురుగు మాత్రము పలకలు పరచినట్లు చదరములు చదరములుగా కనబడుట మీరును చూచియుందురు. అది ఫోను దోషము కాదు, కుదింపు దోషము. ఎక్కువగా కుదించిన 1080 కన్న తక్కువగా కుదించిన 720 మేలు. ఈ సంగతి ఏ అంకెయు తెలుపదు.

మన తెలుగులిపికి ఈ దోషము మరింత హానిచేయును. ఇంగ్లీషు అక్షరము ఇంచుమించు ఒక అంతస్తు, మనది మూడంతస్తులు. పైన గుడి, నడుమ అక్షరము, క్రింద ఒత్తు. పది పన్నెండు వరుసల ఎత్తులో "స్త్రీ" యని వ్రాసి చూడుడు. ప, వ లకు గల భేదము తలకట్టు అతుకుట అతుకకపోవుటలో నున్నది. ద, ధ లకు గల భేదము క్రింది చిన్నగీతలో నున్నది. చుక్కలు చాలనప్పుడు మొదట మాయమగునవి ఇవియే. అంకెలలో 3, 8 ఒక్కటే యగును. వాతావరణ శాఖవారి తుపాను పటమును ఒకరినుండి యొకరు ఫోనులలో పంపుకొనగా పంపుకొనగా, ప్రతిసారియు కుదింపుపడి, గాలివేగము గంటకు 30 కిలోమీటర్లో 80 కిలోమీటర్లో తెలియక మా పడవలవాండ్రు నాయొద్దకు తెచ్చిన దినము కలదు. అట్టి పటమును మొదట ప్రకటించినవారి యొద్దనుండియే తెరచి చూడవలెను. పదిచేతులు మారిన బొమ్మను నమ్మి వేటకు పోరాదు.

చివరగా నొక స్వవిషయము. 1994లో మా చెల్లెలి వివాహమును వి.హెచ్.ఎస్. టేపుమీద తీయించితిమి. అందులో మా తల్లిగారు అప్పగింతలవేళ కొద్ది క్షణములు కనబడుదురు. ఆమె కదలుచు మాటలాడుచు నున్న బొమ్మ మా కుటుంబమున మరియొకటి లేదు. టేపు చెడునను భయముతో పట్టణములో నొక అంగడి కిచ్చితిని. "4కెలోనికి మార్చి ఇచ్చెదము" అని వారు హెచ్చుసొమ్ము తీసికొనిరి. పది దినములకు పెన్‌డ్రైవు వచ్చినది. ఇంట అందరము కూర్చుండి చూచితిమి. బొమ్మ తెరనిండ నున్నది, మెరయుచున్నది. కాని ఆమె మా తల్లి కాదు. ముఖము వెడల్పైనది. నుదుటి ముడుతలు, చెంపమీది గుంట నున్నగా చెరిపివేయబడి, కన్నులు క్రొత్తగా దిద్దబడినవి. మా చెల్లెలు లేచి లోపలికి వెళ్ళిపోయినది.

ఏమి జరిగినదో పిదప తెలిసినది. టేపుమీది బొమ్మకు పట్టిన వివరము ప్రసారపు బొమ్మకన్నను చాల తక్కువ. దానిని 82 లక్షల చుక్కలకు పెంచునప్పుడు లేని చుక్కలను యంత్రము ఊహించి పూరించినది. తాళపత్రప్రతిలో గ్రంథపాతమున్నచోట లేఖకుడు తన కవిత్వమును చొప్పించిన ప్రతులు పండితు లెరుగుదురు. చదువుటకు సాఫీగా నుండును. కవి మాత్రము అది వ్రాయలేదు. ఇచ్చట యంత్రము చేసినదియు అదియే. దానిపైన 4:3 బొమ్మను 16:9 తెరకు సాగదీయుట మరియొక తప్పు.

అదృష్టవశమున టేపును వారు తిరిగి ఇచ్చిరి. రెండవసారి మరియొకరి చేత, ఏమియు పెంచవలదు, ఏమియు దిద్దవలదు, 576 వరుసలు, 4:3 ఆకారము, ఉన్నదున్నట్లు రావలెనని కాగితముమీద వ్రాసి యిచ్చి మార్పించితిని. కుడియెడమల నల్లపట్టీలతో, కొంచెము మసకగా, రంగు కారినట్లుగా వచ్చినది. అందు మా తల్లిగారు ఉన్నారు. కొంగుతో కన్ను తుడుచుకొని, ఎడమచేత్తో చెల్లెలి భుజము తట్టినది తట్టినట్లు కనబడినది.

మీ యిండ్లలోను అటకలమీద ఇట్టి టేపు లుండియుండును. వానిని ఆడించు యంత్రములను తయారుచేయుచున్న చివరి జపాను కంపెనీ 2016 జూలైతో ఆ పని మానినది. ఉన్న యంత్రములు పాతబడి మూలబడుచున్నవి. సముద్రపు తేమకు టేపు బూజుపట్టును, దానిమీది పూత రాలును. కావున ఆలస్యము చేయక మార్పించుడు. ఇచ్చునప్పుడు ఆకారము మార్చవలదనియు, పెంచవలదనియు, దిద్దవలదనియు ముందుగా చెప్పి, టేపును తప్పక తిరిగి పుచ్చుకొనుడు. వచ్చినదానిని రెండుచోట్ల దాచుడు. ఇంటికి వచ్చిన పిదప టెలివిజను మీటలపెట్టెలో బొమ్మ ఆకారము అని యొక యెంపిక యుండును. దానిని 4:3 వద్దనో, అసలు ఆకారమనుచోటనో నిలిపి, అప్పుడు చూడుడు.